సర్వరు ముఖఫలకము: దీపములు చెప్పు మాటలు

కంప్యూటరు అనగానే మన విద్యార్థుల మనస్సున మెదలునది బల్లపైనుండు తెరయు, అక్షరముల మీటలపలకయు. కాని మన ప్రవేశ దరఖాస్తులు, పరీక్షల మార్కులు, ఉపకారవేతనముల పట్టికలు, గ్రంథాలయపు జాబితాలు నిజముగా నివసించు చోటు వేరొకటి. తాళము వేసిన గదిలో, ఇనుప చట్రమునకు బిగింపబడి, తెర లేకయే రేయింబవళ్లు పనిచేయు సర్వరు అది. దానికి నోరు లేదు. తన యెదుట నిలిచిన మనిషికి అది చెప్పదలచినదంతయు ముఖభాగమునందలి కొన్ని చిన్న దీపములతోనే చెప్పవలెను. ఆ దీపములను మన కళాశాలలో కొందరు లైట్లందురు, కొందరు బత్తీలందురు. పేరేదైనను, వానిని చదువనేర్చినవారు అరుదు. చదువనేర్వనివాడు సదుద్దేశముతోనే చేయిచాచి, ఒక్క నిమిషములో మూడేండ్ల రికార్డులను పోగొట్టగలడు. అందుచేతనే ఈ చిన్న విషయమును గూర్చి ఇంత వ్రాయవలసివచ్చినది.

ముందుగా ఈ యంత్రపు ఆకారమును గూర్చి రెండు మాటలు. సర్వర్లను బిగించు చట్రమునకు ర్యాకు అని పేరు. దాని ముఖపు వెడల్పు 19 అంగుళములు, అనగా 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును ‘యు’ అను ప్రమాణముతో కొలుతురు. ఒక ‘యు’ 1.75 అంగుళములు, అనగా 44.45 మిల్లీమీటర్లు. నిలువెత్తు ర్యాకులలో 42 ‘యు’ల ర్యాకు మిక్కిలి వాడుకలో నున్నది. ఈ లెక్కన ఒక ‘యు’ ఎత్తుగల సర్వరు ముఖము మూడు వ్రేళ్ల వెడల్పునకు మించదు. ఆ కొంచెము స్థలములోనే డిస్కులు వరుసగా కూర్చుండవలెను, చల్లగాలి లోనికి పోవుటకు రంధ్రములుండవలెను. మిగిలిన చోటు ఇరుప్రక్కల చెవులవంటి రెండు సన్నని పట్టీలు మాత్రమే. మీటలు, దీపములు, పోర్టులు అన్నియు ఆ చెవులలోనే ఇముడవలెను. దీపముల సంఖ్య స్వల్పము, చెప్పవలసిన సంగతులు అనేకము. కనుకనే ఒక్కొక్క దీపము తన వన్నెతో ఒక మాటయు, తన మినుకుతో వేరొక మాటయు చెప్పును.

పూర్వపు యంత్రముల ముఖము ఇట్టిది కాదు. 1964వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన సిస్టమ్/360 శ్రేణి కంప్యూటర్ల ముందుపలకపై దీపములు వరుసలు వరుసలుగా వెలుగుచుండెడివి. ఆ దీపములు యంత్రపు ఆరోగ్యమును తెలుపునవి కావు. దాని మనస్సులోని సంఖ్యలనే అంకె వెంట అంకెగా చూపునవి. 1970లో వెలువడిన పీ.డీ.పీ.-11 యంత్రమునకు మీటలను పైకి క్రిందికి నెట్టి ఆజ్ఞలను ఒక్కొక్కటిగా జ్ఞాపకశక్తిలోనికి ఎక్కించు వీలుండెను. మన హైదరాబాదులో 1967లో నెలకొల్పబడిన ఈ.సీ.ఐ.ఎల్. సంస్థ తయారుచేసిన టీ.డీ.సీ. కంప్యూటర్లు ఆ తరమునకు చెందినవే. నాటి నిపుణుడు దీపములను చూచి యంత్రము ఏమి ఆలోచించుచున్నదో చెప్పగలిగెడివాడు. నేటి దీపములు ఆలోచనను చెప్పవు, నాడిని మాత్రము చెప్పును. ఇందులో నష్టము కొంత లేకపోలేదు గాని, సెకండునకు వందలకోట్ల క్రియలు జరుగు యంత్రపు ఆలోచనను కంటితో చదువుట ఎట్లును సాధ్యము కాదు.

దీపముల వన్నెలకును ఒక చరిత్ర కలదు. కంటికి కనిపించు ఎర్రని వెలుగునిచ్చు ఎల్.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ 1962లో సాధించెను. కాంతివంతమైన నీలి ఎల్.ఇ.డి. వెలువడుటకు 1993వ సంవత్సరము వరకు వేచియుండవలసివచ్చెను. ఆ నీలి దీపమునకు దారితీసిన కృషికే అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. సర్వరు ముఖమున నేడు నీలిరంగునకు ప్రత్యేకస్థాన మున్నదనిన, అది ఇటీవలిదే.

ఇక మీటలలో మొదటిది విద్యుత్తు మీట. బల్లమీది ఫ్యాను మీటవలె ఇది విద్యుత్తును నేరుగా తెంచునది కాదు. యంత్రములోని కార్యనిర్వహణ వ్యవస్థకు ‘పని ముగింపుము’ అని కబురు పంపునది మాత్రమే. ఒకసారి తేలికగా నొక్కి వదలినచో, లినక్సుగాని విండోసుగాని ఆ కబురునందుకొని, తెరచియున్న దస్త్రములను మూసి, వ్రాయవలసిన అక్షరములను డిస్కుపై వ్రాసి, క్రమముగా విశ్రమించును. మరి నాలుగు సెకండ్లకు మించి అదే మీటను నొక్కిపట్టినచో ఏమగును? అప్పుడు ఎవరికిని కబురు పోదు. విద్యుత్తు ఒక్కసారిగా తెగును. ఈ నాలుగు సెకండ్ల నియమము ఏ.సీ.పీ.ఐ. అను ప్రమాణపత్రములోనిది. ఆ ప్రమాణము మొదట 1996లో వెలువడినది. వ్యవస్థ పూర్తిగా బిగుసుకొనిపోయి, వేరు దారి లేనప్పుడు వాడవలసిన సాధనమిది. కాని ‘యంత్రము ఆగుట లేదే’ యని తొందరపడి ముప్పది సెకండ్లయినను ఓపిక పట్టనివారే దీనిని ఎక్కువగా వాడుదురు. సిస్టమ్/360 యంత్రములపై నుండిన అత్యవసరపు లాగుడుపిడి ఒకసారి లాగినచో బయటనే నిలిచిపోయెడిది. దానిని తిరిగి లోనికి నెట్టు అధికారము మరమ్మతు సిబ్బందికే యుండెను. చేసినది ఎంత పెద్ద పనియో లాగినవానికి అప్పుడే తెలిసెడిది. నేటి మీటకు ఆ గాంభీర్యము లేదు.

విద్యుత్తు మీట చుట్టునో ప్రక్కనో ఒక దీపముండును. హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ వారి ప్రోలియంట్ సర్వర్లలో అది నిలకడగా పచ్చగా నున్నచో యంత్రము పనిచేయుచున్నదని అర్థము. పచ్చగా మినుకుచున్నచో ఇప్పుడే మేల్కొనుచున్నదని అర్థము. నారింజ కలిసిన పసుపు వన్నెలో, అనగా ఆంబరు వన్నెలో, నిలకడగా వెలుగుచున్నచో యంత్రము ఆగియున్నను విద్యుత్తు లోనికి వచ్చుచునే యున్నదని అర్థము. దీపమే లేనిచో విద్యుత్తే లేదు. ఈ మూడవ స్థితిని విద్యార్థులు బాగుగా గుర్తింపవలెను. సర్వరు ‘ఆగియున్నది’ అనునది పూర్తి సత్యము కాదు. దానిలో బీ.ఎం.సీ. అనబడు చిన్న కావలి కంప్యూటరొకటి ఎప్పుడును మేల్కొనియే యుండును. పెద్ద యంత్రము నిద్రించుచున్నను వేడిని కొలుచుట, దూరమునుండి వచ్చు ఆజ్ఞలను వినుట దాని పని. కాబట్టి పైమూత తెరచి లోపల చేయిపెట్టదలచువారు మీటను నమ్మక, వెనుకనున్న విద్యుత్తు తీగలను రెంటిని ఊడదీయవలెను. రెండు సరఫరా పెట్టెలున్న యంత్రములో ఒక తీగను మాత్రమే తీసినచో రెండవది యథాప్రకారము విద్యుత్తు నిచ్చుచుండును.

తరువాతిది ఆరోగ్య దీపము. ఇచటనే పెద్ద చిక్కు. ప్రోలియంటులో పచ్చన యనిన క్షేమము, మినుకు ఆంబరు యనిన ఏదో భాగము క్షీణించినది, మినుకు ఎరుపు యనిన ఆపద. 2017లో వచ్చిన డెల్ వారి 14వ తరము పవర్‌ఎడ్జ్ సర్వర్లలో నిలకడ నీలమే క్షేమసూచకము. ఆంబరు మినుకు లోపమునకు గుర్తు. సూపర్‌మైక్రో వారి అనేక సర్వర్లలో సమాచార దీపమొకటి కలదు. అది నిలకడగా ఎర్రగా నున్నచో వేడి మితిమీరినదని, సెకండున కొకసారి ఎర్రగా మినుకుచున్నచో ఫ్యాను చెడినదని, నాలుగు సెకండ్ల కొకసారి మినుకుచున్నచో విద్యుత్ సరఫరాలో లోపమని తెలియవలెను. ఒకే ఎరుపు, మూడు లయలు, మూడు వేరు వేరు వ్యాధులు! చూచిన వెంటనే పరుగెత్తక, చేతిగడియారము చూచుకొనుచు కొంతసేపు నిలువగలవానికే ఇది తెలియును.

వన్నెలను గూర్చి ప్రపంచమంతటికిని ఒక ప్రమాణము లేదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఉన్నది. ఐ.ఇ.సీ. 60073 అను ప్రమాణము ఎరుపును ఆపదకు, పసుపును అసాధారణ స్థితికి, పచ్చను సామాన్య స్థితికి, నీలమును తప్పనిసరిగా చేయవలసిన చర్యకు కేటాయించినది. ఎరుపు, పసుపు, పచ్చల విషయమున తయారీదారులు దాదాపు దీనినే అనుసరింతురు. నీలము వద్దకు వచ్చుసరికి ఎవరి దారి వారిది. ఒక సంస్థకు నీలము ‘నేను క్షేమము’ అని చెప్పుమాట, వేరొక సంస్థకు ‘నేనిక్కడ నున్నాను’ అని పిలుచు పిలుపు. కావున ఒక యంత్రమును చూచి నేర్చిన అర్థమును వేరొక యంత్రమునకు అంటగట్టరాదు.

ఆ పిలుపు దీపమును గూర్చి ఇప్పుడు చెప్పవలెను. నా దృష్టిలో ముఖఫలకమున కెల్ల ఇదియే ఉత్తమమైన కల్పన. ఒక ర్యాకులో ఒకే రూపుగల ఇరువది సర్వర్లున్నవనుకొందము. ముందువైపు నిలిచి పదునొకండవదానిని గుర్తించితిమి. తీగలు మాత్రము వెనుకవైపున నున్నవి. చుట్టు తిరిగి వెనుకకు పోవుసరికి కుడి ఎడమ, ఎడమ కుడి యగును. ఎన్నవది యను లెక్క తప్పును. అట్టి చోట ముందున్న గుర్తింపు మీటను ఒకసారి తేలికగా నొక్కినచో ముందును వెనుకను నీలి దీపములు ఒకేసారి వెలుగును. డెల్ యంత్రములలో అదే దీపము నీలముగా మినుకును. దీని వలన యంత్రపు పనికి ఏ అంతరాయమును కలుగదు. దూరమున నున్న నిర్వాహకుడు సైతము ఐ.పీ.ఎం.ఐ. అను పద్ధతిలో ఆజ్ఞ పంపి ఈ దీపమును వెలిగింపగలడు. వ్యవధి చెప్పనిచో అది 15 సెకండ్లు వెలిగి ఆరిపోవును. గదిలో నున్నవాడు తలుపు తెరచుసరికే ఆరిపోవుట మామూలు. కనుక వ్యవధిని పెంచి పంపుట మేలు. ఒక హెచ్చరిక మాత్రము అవసరము. ప్రోలియంటులో ఈ మీటను అయిదు సెకండ్లకు మించి నొక్కిపట్టినచో పైన చెప్పిన కావలి కంప్యూటరు పునఃప్రారంభమగును. అందువలన సర్వరు ఆగదు గాని, దూరమునుండి దానిని చూచుచున్నవారికి అది కొంతసేపు కనుమరుగగును.

ఇక అన్నింటికంటె విలువైన దీపములు డిస్కుల మీదివి. ఇచ్చట కొంచెము నిదానముగా చదువవలెనని కోరుచున్నాను.

సర్వరులో డిస్కులు ఒంటరిగా పనిచేయవు. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను బర్క్లీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు తమ పత్రములో రెయిడ్ అను పేరుతో వివరించిన పద్ధతిలో అవి కట్టుగా నుండును. దాని భావము సులభము. అయిదు కాగితములపై అయిదు సంఖ్యలు వ్రాసి, ఆరవదానిపై వాని మొత్తమును వ్రాసితిమనుకొందము. ఏ ఒక్క కాగితము పోయినను మిగిలిన అయిదింటితో పోయిన సంఖ్యను తిరిగి కనుగొనవచ్చును. రెండు పోయినచో ఎంతటి గణితజ్ఞుడైనను కనుగొనజాలడు. రెయిడ్ 5 అను ఏర్పాటు ఇట్టిదే. యంత్రము చేయునది కూడిక కాదు, ద్విసంఖ్యలపై జరుగు వేరొక క్రియ. ఆ మొత్తము సైతము ఒకే డిస్కుపై నుండక అన్నింటిపై పంచబడియుండును. అయినను నియమమొక్కటియే: ఒక డిస్కు పోవుట సహ్యము, రెండవది పోవుట నాశము. రెయిడ్ 6 అను ఏర్పాటు రెండింటివరకు సహించును.

ఇప్పుడొక కళాశాలలో ఆరు డిస్కుల సర్వరున్నదని, రెయిడ్ 5 పద్ధతిలో నున్నదని ఊహింపుడు. శనివారము సాయంకాలము ఒక డిస్కు చెడినది. దానిపై ఆంబరు దీపము వెలిగినది. సర్వరు మాత్రము ఆగలేదు, మిగిలిన అయిదింటి బలముతో నడచుచునే యున్నది. సోమవారము క్రొత్త డిస్కు చేతపట్టుకొని ఒకడు వచ్చెను. నిర్వాహకుడు ఫోనులో ‘మూడవ డిస్కు మార్చుము’ అనెను. మూడవది యనగా ఏది? ప్రోలియంటులో డిస్కుల అరలు 1తో మొదలగును, పవర్‌ఎడ్జ్‌లో 0తో మొదలగును. ఒకచోట మూడవ అర యనునది వేరొకచోట వరుసలో నాలుగవది. వచ్చినవాడు దీపమును చూడక లెక్కను నమ్మి ప్రక్క డిస్కును లాగెనా, ఆ క్షణముననే రెండవ కాగితము పోయినట్లు. విద్యార్థుల మార్కులు, ఉపకారవేతనముల పట్టికలు అందుబాటులో లేకుండ పోవును. లాగినదానిని తిరిగి పెట్టినంత మాత్రమున అన్నియు మునుపటివలె నగునన్న భరోసా లేదు. చెడిన డిస్కు వలన కలుగని నష్టము మంచి డిస్కును తీయుట వలన కలిగినది.

ఈ ప్రమాదమును తప్పించుటకే 2012లో హ్యూలెట్ ప్యాకార్డు వారు తమ జెన్-8 సర్వర్లతో క్రొత్త డిస్కుపెట్టెలను తెచ్చిరి. వానిపై నాలుగు సంకేతములుండును. పచ్చని వలయము తిరుగుచున్నచో డిస్కు పనిలో నున్నది. నీలి దీపము ‘మీరు వెదకుచున్న డిస్కు ఇదియే’ అని చెప్పును. స్థితి దీపము నిలకడగా పచ్చగా నున్నచో డిస్కు కట్టులో సభ్యురాలు. పచ్చగా మినుకుచున్నచో పోయిన సమాచారము దానిపై తిరిగి వ్రాయబడుచున్నది, లేదా కట్టు రూపము మారుచున్నది. ఆంబరు, పచ్చ మార్చి మార్చి మినుకుచున్నచో ఇప్పటికి పనిచేయుచున్నది గాని త్వరలో చెడునని తానే జోస్యము చెప్పుచున్నది. నిలకడ ఆంబరైనచో చెడినది. నాలుగవది తెల్లని దీపము, లాగుపిడి మీద నుండునది. అది వెలిగినచో ‘నన్ను తీయకుడు’ అని అర్థము, తీసినచో కట్టంతయు కూలునని అర్థము. పైన చెప్పిన కథలో మిగిలిన అయిదు డిస్కులపైనను ఆ తెల్లని దీపము వెలుగుచుండవలసినదే. లాగుటకు వ్రేళ్లు పెట్టవలసినచోటనే దీపమును పెట్టుట చిన్న ఆలోచనయే గాని మెచ్చదగినది.

డెల్ వారి పద్ధతి వేరు. చెడిన డిస్కు దీపము సెకండునకు నాలుగుసార్లు ఆంబరుగా మినుకును. వెదకబడుచున్న డిస్కు సెకండునకు రెండుసార్లు పచ్చగా మినుకును. సమాచారము తిరిగి వ్రాయబడుచున్నప్పుడు పచ్చని మినుకు నెమ్మదించును. పెద్ద డిస్కులలో ఈ పునర్లేఖనము గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజంతయు సాగును. అంతవరకు రెయిడ్ 5 కట్టు ఒంటికాలిపై నిలిచినట్లే. కావున క్రొత్త డిస్కు పెట్టగానే పని ముగిసినదని గది తాళము వేసికొని పోరాదు. ఎస్.ఎఫ్.ఎఫ్. 8489 అను పత్రము డిస్కుదీపముల మినుకులకు ఉమ్మడి భాష నేర్పరచుటకు ప్రయత్నించినది. లినక్సులో లెడ్-సీ-టీ-ఎల్ అను సాధనముతో కావలసిన డిస్కు దీపమును మనమే వెలిగింపవచ్చును. లాగుటకు ముందు దానిని వెలిగించి, ఎదుటనున్నవానిచేత ‘చూచితిని’ అనిపించుకొనుటకు పట్టునది ఒక నిమిషము.

అన్ని దీపములు పచ్చగా నున్నవి గనుక సమాచారము భద్రము అని తలంచుట వేరొక భ్రమ. ఎవరైనను పొరపాటున పట్టికను తుడిచివేసినచో, లేక దొంగ ప్రోగ్రాము దస్త్రములకు తాళములు వేసినచో, డిస్కులు ఆ ఆజ్ఞలను గూడ శ్రద్ధగా పాలించును. దీపములు పచ్చగానే వెలుగుచుండును. దీపము చెప్పునది పలకల ఆరోగ్యమును, పలకపై వ్రాతను గాదు. వ్రాతకు వేరుచోట దాచిన ప్రతి యొక్కటే దిక్కు.

మరొక విశేషము. ప్రోలియంటు ముఖమున నాలుగు దీపములు — ఆరోగ్యము, విద్యుత్తు, వలసంధానము, గుర్తింపు — ఒకేసారి కలిసి మినుకుచున్నచో వాని విడి అర్థములన్నియు రద్దు. అది విద్యుత్ లోపమునకు సంకేతము. ఎన్నిసార్లు మినికి ఆగుచున్నవో లెక్కింపవలెను. ఒకటైనచో మూలఫలకము, రెండైనచో ప్రాసెసరు, మూడైనచో జ్ఞాపకశక్తి పలకలు. వైద్యుడు నాడిని లెక్కించినట్లే ఇదియు.

ఎరుపు పచ్చల భేదము తెలియని కన్నులు స్త్రీలలోకంటె పురుషులలో చాల ఎక్కువ. ఇది జన్మతః వచ్చునది. అట్టివారికి ఆంబరునకు పచ్చకు తేడా తోచకపోవచ్చును. మినుకు లయ, దీపము నున్న స్థానము, ప్రక్కనున్న చిన్న బొమ్మ వారికి ఆధారములు. సర్వరు గదిలో పనికి కుదిరినవారిని ఈ విషయమును మొదటిరోజుననే అడుగుట అవమానము కాదు.

కొన్ని యంత్రములలో సూదిమొనతో తప్ప నొక్కరాని మీటయొకటి గుంటలో దాగియుండును. దానికి ఎన్.ఎం.ఐ. అని పేరు. అది వ్యవస్థను కూలద్రోసి, కూలిన క్షణపు జ్ఞాపకమును పరిశోధనకై భద్రపరచును. నిపుణుడు కోరనిదే దానిజోలికి పోరాదు. దాగియుండుటకు కారణమిదే.

చివరగా పోర్టులు. వల తీగలు, విద్యుత్ తీగలు వెనుకవైపున నుండును. ముందున్నవి ఆ గదిలో నిలిచి పనిచేయువాని తాత్కాలిక అవసరమునకే. తెరను తగిలించుటకు పదునైదు సూదుల వీ.జీ.ఏ. పోర్టు ఇప్పటికిని అనేక సర్వర్లపై నున్నది. 1987లో ఐ.బి.ఎం. వారు ప్రవేశపెట్టిన ఈ పోర్టు ఇండ్లలోని కంప్యూటర్లనుండి మాయమైనను ఇక్కడ నిలిచినది. యంత్రము చలనచిత్రములు చూపునది కాదు గదా, నాలుగు అక్షరముల పంక్తులు కనిపించిన చాలును. ప్రక్కనుండు యూ.ఎస్.బీ. పోర్టు మీటలపలకకును, వ్యవస్థను క్రొత్తగా ఎక్కించు పుల్లకును ఉపయోగించును. కొన్ని యంత్రములలో దానినిబోలిన మరొక పోర్టు కావలి కంప్యూటరునకు నేరుగా దారి యిచ్చును. కావున దానిని ఫోను చార్జింగునకు వాడువారిని అక్కడనుండి పంపివేయుట మంచిది. తెలియని పుల్లను పెట్టుట ఇంతకంటెను అపాయము. సర్వరునకు అది ఎవరి జేబునుండి వచ్చినదో తెలియదు.

ముఖఫలకపు ఒక మూల ప్లాస్టిక్ నాలుకవంటి చిన్న పట్టీ యుండును. వ్రేలితో లాగినచో బయటికి వచ్చును. దానిపై యంత్రపు క్రమసంఖ్య అచ్చువేయబడియుండును. తయారీదారునకు ఫోను చేసినప్పుడు మొదట అడుగబడునది ఆ సంఖ్యయే. అనేక యంత్రములలో కావలి కంప్యూటరునకు కర్మాగారము ఇచ్చిన తొలి రహస్యపదము గూడ ఆ పట్టీపైనే యుండును. కనుక యంత్రము క్రొత్తగా వచ్చిన దినముననే ఆ పదమును మార్చి, క్రమసంఖ్యను కార్యాలయపు రిజిస్టరులో వ్రాసికొని, పట్టీని యథాస్థానమునకు నెట్టవలెను.